రుచి చూసిన బిళ్ళ

మా ఊరి బడికీ నా చేనికీ మధ్య ఒక రాతి గోడ ఉంది. అవతల పిల్లలు, ఇవతల వేరుశనగ. గోడ నా రొమ్ము దాకా వస్తుంది. కలుపు తీస్తూ నడుము ఎత్తినప్పుడల్లా బడి కనిపిస్తుంది. చూడకూడదనుకున్నా కనిపిస్తుంది. బడి బోరుకు కరెంటు నా చేని స్తంభం నుంచే పోతుంది కాబట్టి నన్ను బడి కమిటీలో కూడా వేశారు. మీటింగుల్లో నేను మాట్లాడను. టీ ఇస్తారు, తాగుతాను.

ఎక్కడో ఒక బడిలో సాంబారులో బల్లి పడిందట. బల్లి పడింది ఒక్క చోటే. సర్క్యులరు మాత్రం ప్రతి బడిలోనూ పడింది. మా హెడ్మాస్టరు విరూపాక్షయ్య దాన్ని కమిటీ ముందు లేచి నిలబడి చదివారు.

"పాఠశాల ప్రాంగణమునందు విద్యార్థి నోటిలోనికి ప్రవేశించు ఏ పదార్థమునైనను, బాధ్యతగల ఉపాధ్యాయుడు అరగంట ముందుగా స్వయముగా రుచి చూచి, తనకు ఎట్టి హానియు కలుగలేదని ప్రకటించిన పిమ్మటనే విద్యార్థికి ఇవ్వవలెను. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును."

మంచి మాటే అనుకున్నాం. ఆ వారం నుంచి వంటామె లింగమ్మ పప్పులో ఉప్పు సరిపోయింది కూడా.

చిక్కు వచ్చింది చౌడేశ్వరి దగ్గర. నా చేన్లో కూలికి వచ్చే సుంకులమ్మ కూతురు, నాలుగో తరగతి. పసిబిడ్డగా ఉన్నప్పుడు మెదడుకు జ్వరం ఎక్కింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు ఈడ్చి నడుస్తుంది, మూర్ఛ వస్తుంది. టౌను ఆసుపత్రి డాక్టరమ్మ మధ్యాహ్నం అన్నం తినగానే ఒక బిళ్ళ వేయమంది. వేస్తే అందరిలాగే చదువుకుంటుంది, తప్పితే పడిపోతుంది అని చెప్పింది. ఒకటో తరగతి నుంచీ ఆ బిళ్ళ లింగమ్మే ఇచ్చేది. వంటగదిలో ఉప్పు డబ్బా పక్కన బిళ్ళల డబ్బా ఉండేది. పిల్ల కంచం కడుక్కొని చెయ్యి చాపేది. లింగమ్మ అరచేతిలో బిళ్ళ పెట్టి, చెంబుతో నీళ్ళు పోసేది. అంతే. అందులో కథేమీ లేదు.

సర్క్యులరు చదివిన మర్నాడు పిల్ల చెయ్యి చాపింది, లింగమ్మ చెయ్యి చాపింది. మధ్యలోకి విరూపాక్షయ్య చెయ్యి వచ్చింది.

"ఆగు! అది ఎవరు రుచి చూసినారు?"

"సార్, ఇది మందుబిళ్ళ."

"నోట్లోకి పోతుందా, పోదా?"

"పోతాది సార్."

"పదార్థమా, కాదా?"

లింగమ్మ బిళ్ళను తిప్పి చూసింది. "నాకేం తెలుసు సార్. తెల్లగుండాది."

"పదార్థమే. పదార్థం మూడు రూపాల్లో ఉంటుందని ఆరో తరగతికి నేనే చెప్తాను."

విరూపాక్షయ్య చెడ్డ మనిషి కాదు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. అట్లాంటివాళ్ళకు పాముకన్నా సర్క్యులరంటే భయం. ఆయన బిళ్ళను నాలుక కొసకు తాకించి, ముఖం చిట్లించి, అరగంట సేపు వరండాలో నిలబడి, "హాని లేదు" అని ప్రకటించి, నీళ్ళతో కడిగి పిల్లకిచ్చారు. చౌడేశ్వరి కళ్ళు మూసుకొని మింగింది. ఆ పద్ధతి అట్లాగే సాగినా సర్దుకుపోయేవాళ్ళం.

ఇంతలో మండల విద్యాధికారి భుజంగరావు తనిఖీకి వచ్చారు. ఆయన మాట్లాడితే అచ్చులోంచి తీసినట్టుంటుంది. ప్రతి మాట కిందా సంతకం కూడా వినిపిస్తుంది.

"నాకుట, రుచి చూచుట క్రిందికి రాదు," అన్నారాయన. "పప్పు రుచి చూడుమన్నచో గరిటె నాకి ఊరకుందురా? కబళము మింగవలెను. అదియునుగాక, తమరి లాలాజలముతో కూడిన పదార్థమును బాలికకు ఇచ్చుట మరియొక నేరము."

"అయితే సార్, విరిచి సగం నేను మింగి..."

"సగమునకు హాని లేదని తేలినచో, తక్కిన సగమునకు పూచీ ఎవరు?"

ఆ పూచీ లోకంలో ఎవరూ ఇవ్వలేరు.

"ఒక బిళ్ళ తమరు. ఒక బిళ్ళ బాలిక. అప్పుడు నిబంధన సంతృప్తి చెందును. మరియు బిళ్ళలు ఉప్పు ప్రక్కన ఉండరాదు. ఆఫీసు బీరువాలో భద్రపరచవలెను."

ఆ బిళ్ళ గుణం ఏమిటంటే, జబ్బున్నవాళ్ళను నిలబెడుతుంది, లేనివాళ్ళను పడుకోబెడుతుంది. మర్నాడు విరూపాక్షయ్య ఒక బిళ్ళ లింగమ్మకిచ్చి, ఒక బిళ్ళ తాను మింగి, బీరువా తాళం వేసి కుర్చీలో కూర్చున్నారు. అరగంటకు హాని లేదని ప్రకటించాలి. అరగంటకు ఆయన గురక నా చేన్లోకి వినిపించింది. పిల్లలు అన్నాలు తిన్నారు. చౌడేశ్వరి కంచం కడుక్కొని చెయ్యి చాపి నిలబడింది. లింగమ్మ బిళ్ళ పట్టుకొని నిలబడింది. ప్రకటించాల్సిన నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం రాలేదు.

నేను గోడ మీదుగా అన్నాను. "ఇచ్చేయమ్మా."

"ఇస్తే నా పని పోతాది తిప్పన్నా," అంది లింగమ్మ. మొగుడు లేని మనిషి. నేను మళ్ళీ కలుపుకు వంగాను.

ఎండ దిగాక హెడ్మాస్టరు లేచి, కళ్ళు నులుముకొని, ఖాళీ వరండాకు "హాని లేదు" అని ప్రకటించారు.

నిద్ర హాని కిందికి వస్తుందా అని ఆయన పై ఆఫీసును అడిగారు. "ఉపాధ్యాయుని విషయమున నిద్ర హానిగా పరిగణింపబడదు" అని జవాబు వచ్చింది. "అయితే నిద్రించువాని మౌనము ప్రకటనగా పరిగణింపబడదు" అని దాని కిందే ఇంకో వాక్యం. అప్పట్నుంచి పిల్లలు ఆఫీసు గుమ్మం దగ్గర కంచాలు వాయించేవాళ్ళు. సారు లేచిన రోజు చౌడేశ్వరికి బిళ్ళ. లేవని రోజు లేదు.

నెలకిచ్చిన బిళ్ళలు సగం నెలకే అడుగంటాయి. సుంకులమ్మ కూలి మానుకొని టౌనుకు పోయింది. మర్నాడు చేన్లో కలుపు తీస్తూ చెప్పింది.

"మందులిచ్చే ఆయప్ప, ఏమ్మా, పాపకు దినానికి రెండేస్తాండావా అన్యాడు మామా. లేదు సామీ, ఒగటి పాపకు, ఒగటి హెడ్మాస్టరు సారుకు అంటి. సారుకు ఎప్పట్నుంచి మూర్ఛ అన్యాడు. సారుకు మూర్ఛ ల్యా, సర్క్యులరొచ్చినాది అంటి. అదేం జబ్బు, నేనెప్పుడూ ఇన్లేదే అన్యాడు."

"డాక్టరమ్మను అడగాల్సింది."

"ఆయమ్మ ట్రైనింగుకు పోయినాదంట. పిల్లోల్లకు మందులు ఎట్లియ్యల్లనో నేర్చుకునేదానికి."

పాప పేర ఇంకొన్ని బిళ్ళలు ఇచ్చారు గానీ, సారు వంతుకు రోగి లేనిదే ఇవ్వరట. సారును వచ్చి ఓపీ చీటీ రాయించుకోమన్నారట. విరూపాక్షయ్య బస్సెక్కి పోయి, వరుసలో నిలబడి, తన పేర చీటీ రాయించుకొని, తన పేర బిళ్ళలు తెచ్చుకున్నారు. హమ్మయ్య అనుకున్నాం. భుజంగరావుకు ఆ సంగతి తెలిసి జీపు దిగకుండానే అన్నారు:

"తమరిప్పుడు రోగి. రోగి రుచి చూడరాదు. ఏలయనగా, రోగికి కలుగు హాని పదార్థము వలన కలిగినదో, రోగము వలన కలిగినదో తేల్చుట అసాధ్యము. ఆరోగ్యవంతుడైన వేరొక ఉపాధ్యాయుని నియమించవలెను."

"అయితే నేను బిళ్ళ మానేయొచ్చా సార్?" విరూపాక్షయ్య గొంతులో ఆశ వినిపించింది.

"చీటీ ఉన్న రోగి మందు మానుట ఆరోగ్య శాఖ పరిధిలోనిది. మనము జోక్యము చేసికొనరాదు."

బడిలో అందరికన్నా ఆరోగ్యవంతుడు డ్రిల్లు సారు మస్తాన్. ఆయన్ను నియమించారు. అప్పట్నుంచి రోగి అని ఒకరు, రుచికి అని ఒకరు, ఇద్దరూ మధ్యాహ్నానికి పడుకునేవాళ్ళు. మిగతా ఇద్దరు టీచర్లు ఎక్కడ తమ వంతు వస్తుందోనని ఆ వేళకు క్లాసు తలుపులు వేసుకునేవాళ్ళు. బడి అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. దారిన పోయేవాళ్ళు కొత్త హెడ్మాస్టరు ఎవరో గట్టివాడు వచ్చాడనుకున్నారు.

ఒకరోజు మస్తాన్ సారు బిళ్ళ మింగి, అరగంట మెలకువగా ఉండాలని పట్టుదలతో గ్రౌండులో డ్రిల్లు పెట్టాడు. జెండా స్తంభానికి ఆనుకొని నిలబడే నిద్రపోయాడు. విజిలు నోట్లోనే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా అది సన్నగా మోగేది. పిల్లలు ఆ మోత ప్రకారం కుడి ఎడమ, కుడి ఎడమ తొక్కుకుంటూ నా గోడ దాకా వచ్చారు. గోడ ఉంది కాబట్టి ఆగారు.

పాప పేర వచ్చిన బిళ్ళల్లో చివరికి ఒకటి మిగిలింది. ఆ రోజు సుంకులమ్మ చేతుల మట్టి కడుక్కోకుండానే బడిలోకి పోయింది. నేను గోడ దగ్గరే ఉన్నాను.

"సార్, ఒగటే ఉండాది. నా బిడ్డకియ్యండి."

"రుచి చూడకుండా ఇస్తే నేరం సుంకులమ్మా," అన్నాడు మస్తాన్ సారు.

"మీరు మింగితే ఇంగ ఇచ్చేదానికి ఏముంటాది సార్?"

మస్తాన్ సారు ఆలోచించాడు. మంచి ప్రశ్నే అని ఒప్పుకున్నాడు కూడా. ఆఫీసులోకి పోయి సర్క్యులరు మొదటినుంచి చివరిదాకా చదివి వచ్చాడు.

"ఇవ్వకపోతే నేరమని దీంట్లో యాడా రాయలేదమ్మా," అని బిళ్ళ మింగాడు.

సుంకులమ్మ మళ్ళీ టౌనుకు పోయింది. మందులిచ్చే ఆయన కాళ్ళు పట్టుకొని ఇంకో ప్యాకెట్టు తెచ్చి బడిలో ఇచ్చింది. కొత్త ప్యాకెట్టు కాబట్టి కొత్తగా రుచి చూడాలన్నారు. మస్తాన్ సారు ఒకటి మింగాక, ఆయన ప్రకటించేదాకా మిగతావి బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ మధ్యాహ్నం కొళాయి దగ్గర కంచం కడుగుతూ చౌడేశ్వరి పడిపోయింది.

నేను గోడ దూకాను. నేను పోయేసరికి పిల్ల కళ్ళు పైకి పోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. నోటి వెంట నురగ. కంచం బండ మీద గిరగిర తిరిగి ఆగింది. "ఇనుము! చేతిలో ఇనుము పెట్టండి!" అని లింగమ్మ అరిచింది. మా పక్క మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెడతారు. దానివల్ల ఏమీ కాదని డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆపద వచ్చినప్పుడు డాక్టరమ్మ గుర్తుకు రాదు, ఇనుమే గుర్తుకొస్తుంది. విరూపాక్షయ్య నిద్రమత్తులో తూలుతూ వచ్చి, నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి పిల్ల పిడికిట్లో పెట్టారు.

బీరువా తాళంచెవి ఆ గుత్తిలోనే ఉంది. బిళ్ళలు బీరువాలో, బీరువా తాళంచెవి పిల్ల పిడికిట్లో.

సుంకులమ్మ చేన్లోంచి పరుగెత్తి వచ్చి పిల్లను ఒక పక్కకు తిప్పి తల ఒళ్ళో పెట్టుకుంది. కొట్టుకోవడం ఆగేదాకా ఆ పిడికిలి చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. పిల్ల వేళ్ళు వదులయ్యాక గుత్తి తీసుకొని ఆఫీసులోకి పోయి, బీరువా తెరిచి, ప్యాకెట్టు కొంగున కట్టుకొని, గుత్తి టేబులు మీద పెట్టి వచ్చింది. మస్తాన్ సారు ఆ టేబులు మీదే తల పెట్టుకొని నిద్రపోతున్నాడు. విరూపాక్షయ్య మాత్రం మెలకువగానే ఉన్నారు. చూశారు. ఆపలేదు.

సాయంత్రం భుజంగరావు ఫోనులో విచారణ జరిపారు. హెడ్మాస్టరు స్పీకరు పెట్టారు కాబట్టి కమిటీ అంతా విన్నాం.

"పడిపోయిన సమయమున బాలిక నోటిలో ఎవరైనను ఏదైనను పెట్టితిరా?"

"లేదు సార్."

"అంతకు ముందు?"

"అంతకు ముందు కూడా బిళ్ళ ఇవ్వలేదు సార్. అందుకే..."

"అయినచో ఉల్లంఘన లేదు. సంతోషము."

మర్నాడు అన్నాల వేళకు సుంకులమ్మ కలుపు వదిలి లేచి గోడ దగ్గరకు పోయింది. "చౌడీ!" అని పిలిచింది. పిల్ల కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. లింగమ్మ ఒక బకెట్టు బోర్లించి పెట్టి, తనకేమీ తెలియనట్టు వంటగదిలోకి పోయింది. పిల్ల బకెట్టెక్కి, మంచి కాలి మునివేళ్ళ మీద లేచి, గడ్డం గోడకు ఇవతలి అంచు మీద ఆనించి, నోరు తెరిచింది. తల్లి బిళ్ళ వేసి చెంబుతో నీళ్ళు పోసింది. నేను వేరుశనగ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను. చెట్లు బాగానే ఉన్నాయి.

అట్లా కొన్నాళ్ళు జరిగింది. పిల్ల పడిపోలేదు. సుంకులమ్మ నిలబడేచోట నా చెట్లు రెండు సాళ్ళు నలిగాయి. ఫర్వాలేదు. బిళ్ళలు చేతికి అందకపోవడంతో మస్తాన్ సారు మెల్లగా మేలుకున్నాడు. విరూపాక్షయ్య కూడా, ఆరోగ్య శాఖకు చెప్పకుండా, తన బిళ్ళలు మానేశారు.

బడి ఇట్లా దారిలో పడుతుంటే ఎవరికో బాధ కలిగింది. ఎవరో ఫిర్యాదు చేశారు. భుజంగరావు ఒక సర్వేయరునూ టేపునూ వెంటబెట్టుకొని వచ్చారు. చౌడేశ్వరిని బకెట్టు ఎక్కించి, రోజూ ఎట్లా నిలబడుతుందో అట్లా నిలబడమన్నారు. నోరు తెరవమన్నారు. సర్వేయరు గోడ మందం కొలిచాడు. గోడ మధ్యరేఖ మీద సుద్దముక్కతో గీత గీశాడు. గీత నుంచి పెదవి దాకా టేపు పట్టాడు.

"కాళ్ళు, నడుము, రెండు చేతులు ప్రాంగణంలో ఉన్నాయి సార్," అని చెప్పాడు. "చెవులు హద్దు మీద. నోరు పూర్తిగా పట్టా భూమిలో ఉంది. ముక్కు కూడా."

"ముక్కు ప్రస్తుతాంశము కాదు," అన్నారు భుజంగరావు. హాజరు పట్టిక తెప్పించి చూశారు. "హాజరు పట్టికలో ఈ బాలిక సంపూర్ణముగా హాజరైనట్లు చూపబడుచున్నది. నోరు బయట ఉండగా సంపూర్ణ హాజరు ఎట్లగును?"

"సార్," అంది చౌడేశ్వరి నోరు తెరిచే ఉంచి, "ఇంగ మూసుకోవచ్చునా?"

సర్వేయరు టేపు చుట్టుకుంటున్నాడు. పిల్లే మూసుకుంది.

భుజంగరావు నా వైపు తిరిగారు. "ఈ నోరు దినదినము మీ సర్వే నంబరులోనికి ప్రవేశించుచున్నది. మీకు అభ్యంతరమున్నదా?"

"చిన్న నోరే కదా సార్," అన్నాను. "చేను పెద్దది."

"ఈ భూమికి బాధ్యతగల వ్యక్తి ఎవరు?"

"నేనే."

"పదార్థమును మీరు అరగంట ముందు రుచి చూచుచున్నారా?"

"నాకు జబ్బు లేదు సార్."

ఆయన నన్ను వింతగా చూశారు. అడిగినదానికీ చెప్పినదానికీ సంబంధం లేదన్నట్టు తల ఆడించారు. తర్వాత గోడను చూశారు, పిల్లను చూశారు, ఆకాశం వైపు చూశారు. తీర్పు అక్కడినుంచే దొరికింది.

"నోటిని ప్రాంగణములోనికి తెచ్చుటకు ఒక్కటే మార్గము. గోడ ఎత్తు పెంచవలెను."

ఆ నెలలోనే మండల సభలో మా బడికి సన్మానం జరిగింది. కమిటీ కాబట్టి నన్నూ తీసుకుపోయారు. భుజంగరావు మైకు ముందు నివేదిక చదివారు. "ముందస్తు రుచి విధానము ఈ పాఠశాలయందు నూటికి నూరు శాతము అమలు జరిగినది. తత్ఫలితముగా, అమలులోనికి వచ్చిన నాటినుండి నేటివరకు, ఉపాధ్యాయ సిబ్బందిలో ఏ ఒక్కరికిని మూర్ఛ రాలేదు." సభ చప్పట్లు కొట్టింది. తక్కిన బడుల హెడ్మాస్టర్లు తమ బళ్ళలో మూర్ఛ పిల్లలు ఎవరైనా ఉన్నారా అని ఒకరి చెవిలో ఒకరు అడిగారు.

విరూపాక్షయ్యకు శాలువా కప్పారు. ఆయన తల వంచి కప్పించుకున్నారు. చప్పట్లు మాత్రం కొట్టలేదు. బస్సులో వచ్చేటప్పుడు నా పక్కనే కూర్చున్నారు. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. నడుముకు తాళంచెవుల గుత్తి లేదు.

"గుత్తి పోయిందా సార్?" అన్నాను.

"బీరువాకు తాళమేయడం మానేసినాను తిప్పన్నా," అన్నారు.

గోడ పెంచడానికి రాళ్ళు వచ్చాయి. ట్రాక్టరువాడు బడి లోపలే, సరిగ్గా బకెట్టు ఉండే చోట గోడకు ఆనించి పోసి పోయాడు. మేస్త్రీ కూలి, సిమెంటు వేరే పద్దు కిందికి వస్తాయట. ఆ పద్దుకు ఇంకా పేరు పెట్టలేదట. రాళ్ళు మాత్రం ఉన్నాయి.

మొదట కుప్పగా ఉండేవి. ఒక ఆదివారం పొద్దున బడికి సెలవైనా ఎవరో వచ్చి వాటిని మెట్లుగా పేర్చారు. కాలు ఈడ్చేవాళ్ళకు కూడా అందేటట్టు చిన్న చిన్న మెట్లు. పెద్దవయసు మనిషి. రాయికొకసారి నడుము పట్టుకొని నిలబడుతూ పేర్చాడు. నేను నీళ్ళు కడుతూ చూశాను. ఎవరో చెప్పను. ఆయన పెన్షను ఆయనకు రావాలి.

ఇప్పుడు చౌడేశ్వరి మునివేళ్ళ మీద లేవక్కర్లేదు. అన్నం తిని, కంచం కడుక్కొని, గోడ పెంచడానికి వచ్చిన రాళ్ళెక్కి, మోచేతులు గోడ మీద పెట్టుకొని తీరిగ్గా నోరు తెరుస్తుంది. నిన్న సుంకులమ్మ బిళ్ళ వేసి, చెంబు వంచి నీళ్ళు పోసి, కొంగుతో పిల్ల మూతి తుడిచి, నన్ను అడిగింది.

"మామా, ఈ గోడ లేస్తే ఎట్ల?"

"లేయనీలేమ్మా," అన్నాను. "దానికి మంజూరు కావల్ల. నీ బిడ్డ మంజూరు లేకుండానే పెరుగుతాది."